టైలరమ్మ రీలు

చేపను పట్టింది టైలరమ్మ. కుర్చీ ఎక్కింది మాత్రం ఆవిడ మొగుడు.

ఇందులో దొంగతనమేమీ లేదు, అంతా రూలు ప్రకారమే జరిగింది. అదే మరి ఒళ్ళు మండించే సంగతి. ఆ చెరువు గట్టున నీడంటూ ఉన్నది పాత పంపు షెడ్డు గోడ పక్కన ఒక్కచోటే. ఆ నీడలో పట్టేది ఒకే ఒక్క ఇనప మడత కుర్చీ. ఆదివారాలు అక్కడ గాలాలు వేసే ముగ్గురు స్నేహితులు, అంటే టైలరమ్మ మొగుడైన బస్సు డ్రైవరు, సెలూన్ నడిపే ఆయన, పోస్టుమాన్, ఎప్పుడో ఒక ఒప్పందానికి వచ్చారు. అందరికంటే పెద్ద చేప పట్టినవాడిది కుర్చీ. దాన్ని మించిన చేప ఇంకొకడికి పడేదాకా, వారాలు గడిచినా సరే, వాడు దిగక్కర్లేదు. మిగతావాళ్ళు ఎండలో, రాళ్ళమీద. ఒకసారి ఒకడి గాలం ఇంకొకడు లాగి, చేప నాదంటే నాదని చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది గనక దానికీ ఒక రూలు పెట్టుకున్నారు. రీలు ఎవరిదైతే చేప వాళ్ళది.

ఈ రూళ్ళలో టైలరమ్మ ఎక్కడా లేదు. ఆవిడ టిఫిను డబ్బాలు మోసుకొచ్చి, గాలాలకు పిండి ముద్దలు గుచ్చి, చిక్కుపడిన దారాలు విప్పి, ఎవరికి చేప పడినా చప్పట్లు కొట్టే మనిషి. ఆ ఆదివారం డ్రైవరు మొహం మీద టోపీ బోర్లించుకుని హాయిగా గుర్రు పెడుతుండగా గాలం కర్ర వంగింది. "ఏమండీ! ఏమండోయ్! లేవండి!" అని అరుస్తూనే ఆవిడ కర్ర అందుకుంది. ఆయన లేచి, టోపీ వెతుక్కుని, చెప్పులు వేసుకుని వచ్చేసరికి చేప గట్టుమీద ఎగిరెగిరి పడుతోంది. పోస్టుమాన్ తన తూకం కాటాకి తగిలించి చూసి, ముల్లు ఆగినచోట పెన్సిలుతో గీత పెట్టాడు. ఆ చెరువులో అంత చేప ఎవరూ చూడలేదు.

"చూశారా నా రీలు దెబ్బ!" అన్నాడు డ్రైవరు, కుర్చీలో కాలు మీద కాలేసుకుంటూ. కుర్చీ కీచుమంది. టైలరమ్మ అందరితోపాటు తనూ నవ్వింది. ఇంటికొచ్చే దారిలో స్కూటరు మీద మాత్రం నవ్వలేదు.

"ఆ చేప నేను కదండీ పట్టింది" అంది భోజనాల దగ్గర.

"నువ్వు లాగావులేవే. కాదన్నానా? రీలు నాది కదా మరి."

"ఒరే" అంది పక్కనుంచి అత్తగారు. ఆవిడకు చెవులు కాస్త మందం, అవసరమైన మాటలు మాత్రం చక్కగా వినపడతాయి. "వారం వారం ఆ రీలుకి నూనె చుక్క వేసేదెవర్రా? మీ తాతా?"

డ్రైవరు అన్నం కలుపుకోవడంలో మునిగిపోయాడు. టైలరమ్మ కుట్టు మెషినుకు నూనె పోసేటప్పుడు ఆయన రీలు హ్యాండిలుకీ ఒక చుక్క వేస్తూ ఉంటుంది. చేతిలో పనే గనక ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు. ఇప్పుడు మాత్రం లెక్క పెట్టుకోవాలనిపించింది. తనకు కుర్చీ మీద అంత మోజు లేదు. తను పట్టిన చేపని ఒక్కరంటే ఒక్కరు "ఇది టైలరమ్మ చేప" అంటే చాలు. అలా అనాలంటే రీలు తనదై ఉండాలి. అంతే కదా రూలు!

మర్నాడు సెలూన్‌కు కుట్టిన తెల్ల గుడ్డలు ఇవ్వడానికి వెళ్ళింది. గడ్డాలు గీసేటప్పుడు మెడకు కట్టే గుడ్డలు అవి. సెలూన్ ఆయన వాటిని దులిపి చూసి, అంచులు బాగున్నాయని మెచ్చుకుని, బల్ల మీద పెట్టాడు. బల్ల మీద పాత పేపర్ల దొంతర. ఆ పేపర్లు ఫాను గాలికి ఎగరకుండా వాటిమీద ఒక రీలు.

"అన్నయ్యా, అది రీలు కాదూ?"

"ఒకప్పుడు రీలేనమ్మా. ఇప్పుడు బరువురాయి. నీళ్ళలో పడేస్తే తీసి అలాగే పక్కన పెట్టేశాను. బిగుసుకుపోయింది."

ఆవిడ చేతిలోకి తీసుకుని హ్యాండిలు కదిపింది. కదల్లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఇంకాస్త గట్టిగా తిప్పింది. లోపల ఎక్కడో ఇసుక నలిగిన చప్పుడు వచ్చింది. వానాకాలం మూలన పడేసిన మెషిన్లు ఇలాంటి చప్పుడే చేస్తాయి, అవి మళ్ళీ కుట్టిన సంగతీ ఆవిడకు తెలుసు.

"నాకిచ్చేయకూడదూ?"

"తీసుకో చెల్లెమ్మా, అదేమంత భాగ్యం! కానీ అది తిరగడం కల్ల." సెలూన్ ఆయన అద్దంలో చూసుకుంటూ మీసం మెలేశాడు. రెండు కొసలూ పైకి తిరిగిన మీసం అది, ఆ సెలూన్‌కు వేరే బోర్డు అక్కర్లేదు. "అది గనక తిరిగిందా, ఈ మీసం తీసేస్తాను. రాసిమ్మంటావా?"

"మీరు మాటన్నారు, చాలు" అంది టైలరమ్మ. రీలును సంచిలో వేసుకుని, ఆయన మనసు మారేలోపు వీధి మలుపు తిరిగేసింది.

సాయంత్రం కుట్టాల్సిన జాకెట్లన్నీ పక్కకు నెట్టి, కత్తిరింపుల బల్ల మీద నల్ల గుడ్డ ముక్క పరిచింది. ముందు హ్యాండిలు విప్పింది. దారం చుట్టుకునే స్పూలుకి ముందువైపు ఉన్న మర తిప్పి స్పూలు ఊడదీసింది. పక్క రేకుకున్న స్క్రూలు తుప్పుపట్టి కదలకపోతే ఒక్కోదానికి నూనె చుక్క వేసి, అవి నానేదాకా ఒక జాకెట్‌కు చేతులు కుట్టేసింది. తీసిన ప్రతి ముక్కనూ నల్ల గుడ్డ మీద వరసగా పెట్టి, దాని చుట్టూ కొలతల సుద్దతో గీత గీసింది. చక్రం చుట్టూ చక్రం, పుల్ల చుట్టూ పుల్ల. ఏ ముక్క తర్వాత ఏది వచ్చిందో బాణం గుర్తులు వేసింది. స్క్రూలన్నీ గుండుసూదుల అయస్కాంతానికి అంటించింది.

డ్రైవరు డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమిటే ఇది, పోస్టుమార్టమా?"

"కాదు, ఆపరేషన్. పేషెంటు బతికే ఉన్నాడు."

"సెలూన్ వాడి రీలు కదూ! దాన్ని బాగుచేద్దామనే? హవ్వ! వాడు దాన్ని చెరువులో ముంచి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"కాస్త పక్కకు జరగండి, వెలుగు పడట్లేదు."

ఆయన జరిగాడు గానీ వెళ్ళలేదు. నవ్వడానికి నిలబడ్డవాడు, పెద్ద చక్రం బయటికి వచ్చేసరికి నవ్వడం మరిచిపోయి ముందుకు వంగాడు. పాత గ్రీజు గోధుమరంగు బంకలా పళ్ళ మధ్య గడ్డకట్టింది. ఆవిడ గిన్నెలో కొంచెం కిరసనాయిలు పోసి, ఒక పళ్ళ బ్రష్షుతో పన్నుకు పన్ను తోమింది. బ్రష్షు వెళ్ళని సందుల్లో గుండుసూది పోనిచ్చింది. బంక ఊడి, కింద ఇత్తడి పచ్చగా తళుక్కుమనేసరికి ఇద్దరూ ఒకేసారి "అబ్బ!" అన్నారు.

"ఇంతకీ ఆ బ్రష్షు ఎవరిది?" అన్నాడు డ్రైవరు అనుమానంగా.

"మీదే. పాతది."

"పాతదేమిటే! పొద్దున దాంతోనేగా తోముకున్నాను!"

"అయ్యో, నీలం రంగుది పాతది కాదూ?"

అత్తగారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. డ్రైవరు కొత్త బ్రష్షు కొనుక్కోవడానికి గొణుక్కుంటూ వీధిలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు జేబులో చిన్న గ్రీజు డబ్బా కూడా ఉంది. "డిపోలో మెకానిక్ ఇచ్చాడు. ఉంటే ఉండనీ" అంటూ బల్ల మీద పెట్టి, తనకేమీ సంబంధం లేనట్టు లోపలికి పోయాడు.

ఆ మర్నాడు ఒక స్ప్రింగు పీడించింది. దారాన్ని పట్టే తీగకమ్మీని తెరిచి మూసేది ఆ స్ప్రింగు. ఆవిడ కొద్దిగా పైకెత్తిందో లేదో టింగుమని ఎగిరి, గోడకు తగిలి మాయమైంది. బల్ల కింద చూసింది, మెషిను కింద చూసింది, కుట్టిన బట్టలన్నీ దులిపింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని నేలంతా చేత్తో తడిమింది. లేదు. టైలరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత తోమీ, ఇంత గీసీ, వెంట్రుకంత తీగ దగ్గర ఓడిపోవడమా!

"ఎందుకమ్మా ఆ మొహం? స్ప్రింగేగా, రెక్కలొచ్చి పోతుందా?" అంది అత్తగారు. బొత్తాల డబ్బా తీసి చేటలో బోర్లించి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరడం మొదలుపెట్టింది. తెల్ల బొత్తాలు, నల్ల బొత్తాలు, హుక్కులు, విరిగిన జిప్పు ముక్కలు. వాటి మధ్యలోంచి స్ప్రింగు పట్టుకుని పైకెత్తి, కోడలి ముక్కు ముందు ఆడించింది. టైలరమ్మ అత్తగారిని గట్టిగా వాటేసుకుంది.

"సర్లే సర్లే, చేతులకు కిరసనాయిలుంది, నా చీరకు పూయకు."

ఇక మిగిలింది నూనె, గ్రీజు. పెద్ద చక్రాల పళ్ళకు గ్రీజు పలచగా రాసింది. ఇరుసు తిరిగేచోట, హ్యాండిలు పిడి దగ్గర, దారం జారే చిన్న కప్పీ దగ్గర మెషిను నూనె ఒక్కో చుక్క. అక్కడితో ఆగి ఉంటే బాగుండును. కానీ ఎన్నో ఏళ్ళ చేతి అలవాటు ఊరుకుంటుందా? కుట్టు మెషినులో చిల్లు కనిపిస్తే నూనె పొయ్యాలి, ఇనుమూ ఇనుమూ రాసుకునేచోట నూనె పొయ్యాలి, ఎక్కడైనా పొడిగా ఉంటే ఆవిడ ప్రాణం ఊరుకోదు. స్పూలు లోపల గుండ్రటి ఉన్ని బిళ్ళలు రేకు బిళ్ళల మధ్య పేర్చి ఉన్నాయి. అవి ఎండి వరుగుల్లా ఉన్నాయి. "పాపం, వీటికి ఎన్నాళ్ళ నుంచి చుక్క నూనె లేదో!" అనుకుని, జాలిపడి మరీ నిండా తడిపింది.

తర్వాత వెనక్కి బాణం గుర్తుల మీదుగా నడుచుకుంటూ ఒక్కో ముక్కా బిగించింది. సుద్ద గీతలన్నీ ఖాళీ అయిపోయాయి. ఒక్క ముక్కా మిగల్లేదు, ఒక్కటీ తక్కువ కాలేదు. ఊపిరి బిగపట్టి హ్యాండిలు తిప్పింది.

తిరిగింది! మెత్తగా, సన్నగా సుయ్యిమంటూ తిరిగింది. చెయ్యి తీసేసినా ఇంకాస్త తిరిగి ఆగింది. అత్తగారు లాక్కుని తిప్పింది. డ్రైవరు తల్లి చేతిలోంచి లాక్కుని తిప్పాడు. తిప్పి, తన రీలు తెచ్చుకుని అదీ తిప్పి చూసుకుని, దాన్ని యథాస్థానంలో పెట్టేశాడు.

శనివారం దారం చుట్టారు. కొత్త దారపుండ మధ్యలో పెన్సిలు దూర్చి అత్తగారు మోకాళ్ళ మధ్య పట్టుకుంది. దారం వదులుగా పడకుండా గుడ్డతో నొక్కిపట్టింది. బాబినుకు చుట్టినట్టే, టైలరమ్మ ఒకే వేగంతో చుట్టింది. చివర స్పూలు ముందున్న మర బిగించి దారం లాగి చూసింది. గట్టిగానే ఆగింది. ఆ మర రీలుకు బ్రేకు లాంటిది. చేప మామూలుగా లాగితే బిగించి పట్టాలి, మరీ లాగితే తెగకుండా దారం కొంచెం కొంచెం వదలాలి. చేత్తో లాగినప్పుడు ఆగింది గదా, చేపకూ ఆగుతుందనుకుంది.

ఆదివారం పొద్దున్నే గట్టుమీద డ్రైవరు తన కుర్చీలో ఠీవిగా కూర్చున్నాడు. టైలరమ్మ సంచిలోంచి రీలు తీసి, డ్రైవరు పాత కర్రకు బిగించుకునేసరికి సెలూన్ ఆయన నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

"అది... అదేనా?"

"అదే అన్నయ్యా. తిప్పి చూడండి."

తిప్పి చూడలేదాయన. చెయ్యి తనంతట తనే మీసం మీదికి పోయింది. పోస్టుమాన్ పగలబడి నవ్వాడు. "గడ్డం కత్తి తెచ్చుకున్నావా, లేక నా పేపరు కత్తెర ఇవ్వనా?"

"ఉండరా బాబూ. తిరగడం అంటే ఇంట్లో తిరగడమా? చేపని లాగాలి. అప్పుడు ఒప్పుకుంటా."

టైలరమ్మ ఎండలో రాయి మీద, తనకంటూ ఒక చోటు చూసుకుని గాలం విసిరింది. ఎండ ఎక్కింది. పోస్టుమాన్‌కు చిన్న చేపలు పడ్డాయి. సెలూన్ ఆయనకు నాచు పడింది. టిఫిను డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఈ వేళకి ఇంతే కాబోలు అని అందరూ సర్దుకుందామనుకుంటుండగా ఆవిడ కర్ర ఒక్కసారిగా నీళ్ళవైపు వంగిపోయింది.

లేచి నిలబడి హ్యాండిలు తిప్పింది. హ్యాండిలు తిరుగుతోంది, దారం మాత్రం లోపలికి రావట్లేదు. పైపెచ్చు సర్రున బయటికి పోతోంది. మర బిగించింది. ఇంకా బిగించింది. అయినా పోతూనే ఉంది. స్పూలు మీద దారం చూస్తూ చూస్తూ ఉండగానే పలచబడిపోతోంది.

"బ్రేకు! బ్రేకు పట్టట్లేదే!" డ్రైవరు కుర్చీలోంచి ఎగిరి దూకాడు. "ఆ ఉన్ని బిళ్ళలకు నూనె పోశావా? బ్రేకుకు ఎవరైనా నూనె పోస్తారుటే! ఇలా ఇవ్వు, నాకివ్వు!"

"ముట్టుకోకండి!"

ఆ గొంతు టైలరమ్మది అని నమ్మడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. ఆవిడ ఆయనవైపు చూడను కూడా లేదు. ఈసారి కర్ర చేయి మారితే చేప కూడా పేరు మారుతుంది. పోతే పోనీ, తన చేతిలోంచే పోనీ.

ఏం చెయ్యాలో ఆవిడకంటే ముందు చేతికే తెలిసింది. కుట్టు మెషిను జోరుమీద ఉండగా సూది ఆపాలంటే, కుడిచేతి అరచెయ్యి పక్క చక్రం మీద ఆనించి మెత్తగా నొక్కుతుంది. రోజుకు ఎన్నిసార్లో. అదే అరచెయ్యి తిరుగుతున్న స్పూలు మీద ఆనించింది. నొక్కింది. సర్రుమంటున్న దారం నెమ్మదించి, బిగుసుకుని, ఆగింది. చేప గింజుకుంటే అరచెయ్యి కొంచెం వదులు చేసి దారం ఇచ్చింది. అది అలసి ఆగితే మళ్ళీ నొక్కింది. అరచెయ్యి ఆనించి కర్ర పైకెత్తడం, కర్ర దించుతూ గబగబా చుట్టేయడం. మళ్ళీ ఆనించడం, ఎత్తడం, దించడం, చుట్టడం. మెషిను మీద అంచు కుట్టినంత నిదానంగా లాక్కొస్తోంది. అరచెయ్యి మండుతోంది. అయినా ఆవిడ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"ఏమండీ, చూస్తారేం? వల పట్టుకోండి!"

డ్రైవరు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి, చెప్పులతో సహా దిగిపోయాడు. చేపను వలలోకి తీసుకుని, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు గట్టుమీదికి తెచ్చాడు.

పోస్టుమాన్ కాటా తీశాడు. అంతలో సెలూన్ ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒక్కమాట. రీలు ఎవరిదైతే చేప వాళ్ళది. అంతేనా? ఆ రీలు ఎవరిది? నాది. నేనేమన్నా అమ్మానా?"

మళ్ళీనా! అయితే ఈసారి టైలరమ్మ మాట వెతుక్కోలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఎంతో వినయంగా అంది: "అలాగే అన్నయ్యా. రీలు మీదే, చేపా మీదే. మీ రీలు చేపని లాగిందని మీరే ఒప్పుకున్నారు గనక, మరి మీసం కానివ్వండి. అద్దం నేను పట్టుకుంటాను."

సెలూన్ ఆయన చేపవైపు చూశాడు. మీసం తడుముకున్నాడు. మళ్ళీ చేపవైపు చూశాడు. "రీలు నీదేనమ్మా" అన్నాడు చివరికి. "చేపా నీదే. ఇచ్చేశాను, మనస్ఫూర్తిగా ఇచ్చేశాను. నాకీ మీసం వదిలెయ్, చాలు." పోస్టుమాన్ నవ్వలేక రాయి మీద కూలబడ్డాడు.

అతను తేరుకుని చేపను కాటాకి తగిలించాడు. ముల్లు ఊగి ఊగి ఆగింది. పోయిన వారం పెన్సిలు గీతకు వెంట్రుకవాసి కిందనే ఆగింది. అతను కాటాను తట్టి చూశాడు, ఎండకు తిప్పి చూశాడు. ముల్లు కదల్లేదు.

"కొంచెం... తక్కువేనమ్మా" అన్నాడు పోస్టుమాన్, తప్పు తనదైనట్టు.

"పర్లేదు అన్నయ్యా" అంది టైలరమ్మ. పర్లేదనుకోవాలనే అనుకుంది. ఆ చేప తనదని ఇప్పటికే అందరి ముందూ ఒప్పుకున్నారు, అంతకంటే ఏం కావాలి? అయినా చూపు మాత్రం ఆ పెన్సిలు గీత మీదే నిలిచింది. ఆవిడ ఓడింది తన చేప చేతిలోనే.

డ్రైవరు ఇంకా నీళ్ళోడుతూ నిలబడి ఉన్నాడు. కాటావైపు చూశాడు, పెన్సిలు గీతవైపు చూశాడు, మండుతున్న అరచేతిని ఊదుకుంటున్న భార్యవైపు చూశాడు. నెమ్మదిగా షెడ్డు దగ్గరికి నడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ సీటు తుడిచాడు. వీపు ఆనుకునే చోటు తుడిచాడు. చేతుల పట్టీలు కూడా తుడిచాడు.

"ఏమిట్రా అది? గీత దాటలేదుగా. కుర్చీ నీదే" అన్నాడు సెలూన్ ఆయన.

"గీత కూడా ఆవిడదే" అన్నాడు డ్రైవరు. "పోయిన వారం నేను నిద్రపోతున్నాను, మీరంతా చూస్తూనే ఉన్నారు. నా రీలు వారం వారం నూనె తాగి బతుకుతోంది ఆవిడ చేతిమీదే. రెండు చేపల్లో ఏది పెద్దదైతే నాకేమిటి? రా, కూచో."

టైలరమ్మకు కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. వెళ్ళి కూర్చుంది. కుర్చీ కీచుమంది. సర్దుకుని కూర్చుంటే ఇంకా గట్టిగా కీచుమంది. ఒక కాలు పొట్టి, సీటు గట్టి, వీపుకు బద్ద గుచ్చుకుంటోంది.

"దీనికోసమా మీరంతా ఇన్నాళ్ళూ కొట్టుకున్నది!" అంది. సంచిలోంచి పొడుగుముక్కు నూనె డబ్బా తీసి, వంగి, కుర్చీ మడత దగ్గర అటొక చుక్కా ఇటొక చుక్కా వేసింది. ముందుకూ వెనక్కీ ఊగి చూసింది. చప్పుడు లేదు.

డ్రైవరు ఎండలో, ఆవిడ రాయి మీద కూర్చున్నాడు. నెత్తిన తడి తువ్వాలు.

"ఎండగా ఉందా ఏమండీ?"

"అబ్బే, హాయిగా ఉంది" అన్నాడు, ఒక కన్ను మూసుకుని. పక్కకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమే, నా రీలు కూడా లోపలంతా విప్పి ఒకసారి..."

"అమ్మో, నేను నూనె పోస్తే ఇక చేపలన్నీ నావే. తర్వాత మీ ఇష్టం."

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు చొక్కా అయినా మార్చుకోకుండా కత్తిరింపుల బల్ల ముందు కూర్చున్నాడు. నల్ల గుడ్డ పరుచుకుని తన రీలు విప్పాడు. నాలుక బయటపెట్టి, చక్రం చుట్టూ సుద్దతో వంకరటింకర గీత గీసుకున్నాడు. టైలరమ్మ వెనక్కి తిరక్కుండానే, మెషిను చక్రం మీద అరచెయ్యి ఆనించి ఆపి, చెప్పింది.

"ఉన్ని బిళ్ళలకు మాత్రం నూనె వద్దు."